రెండున్నర తులాలు

తాకేటా, యాంగాన్
2024 నవంబరు 8, శుక్రవారం

ఇవాళ అయిన పనులు: తెల్లవారుజామున కరెంటు ఉన్న రెండు గంటల్లో నీళ్ళ ట్యాంకు నింపడం, రెండు పూటలకీ వంట, దుప్పట్లు నాలుగు ఉతకడం, ఎండురొయ్యలు ఏరి సీసాకి ఎత్తడం, కుట్టుమిషనుకి నూనె. కానివి రెండు: బియ్యం జల్లించడం, నీకు జాబు రాయడం. బియ్యం రేపటికి వాయిదా వేశాను.

ప్రియమైన తమ్ముడు జెర్రీకి,

నీ అక్క ప్రేమతో రాస్తున్నది. ప్రభువు దయవల్ల మీ బావ, కెరెన్, నేను జ్వరాలూ దగ్గులూ లేకుండా ఉన్నాం. నువ్వు, మరదలు, పిల్లలు ఆ గాలిదేశం న్యూజిలాండులో ఒంటికి తగినన్ని బట్టలు వేసుకుని క్షేమంగా ఉన్నారని అనుకుంటాను.

మరదలి చిన్నమ్మ పోయిన శనివారం వచ్చి నీ జాబూ, పిల్లల ఫోటోలూ, ఉన్ని శాలువా ఇచ్చి వెళ్ళింది. శాలువా ఇక్కడ కప్పుకునే రోజు రాదు గాని మెత్తగా ఉంది, కెరెన్ దిండు మీద పరుచుకుంది. ఆవిడ బుధవారం తిరుగు ప్రయాణం. ఆవిడ చేతికే ఈ జాబు ఇస్తాను. ఫోను చెయ్యొచ్చు కదా అని నువ్వు అనుకోవచ్చు. ఫోనులో నా మొహం నీకు కనిపిస్తుంది. ఈసారి అది వద్దు. అందుకే నిన్న ఒక్క మాట మాత్రం పంపాను, నా ఉత్తరం చదివే వరకు తూటాలు కొనొద్దని. నువ్వు "సరే అక్కా" అని బొటనవేలి బొమ్మ పెట్టావు. ఆ మాట మీద ఉండు.

నువ్వు అడిగినవాటికి వరసగా జవాబులు. నా మోకాలు మెట్లు దిగేటప్పుడే నొప్పి, ఎక్కేటప్పుడు లేదు. వంటింటి రేకు మార్పించాం, వానాకాలం గడిచిపోయింది. అమ్మ సమాధి మీద అక్షరాలకి మీ బావ మళ్ళీ నల్ల రంగు వేశాడు, "వెంకమ్మ" లో సున్నా కాస్త పెద్దదయింది. కెరెన్‌కి చౌక్తడాలో ఒక లాయరుగారి ఆఫీసులో టైపు పని దొరికింది. రెండు బస్సులు మారి వెళుతుంది. నీ జాబు చదివి వినిపించమంటే, "అమ్మా, మామయ్య రాత భలే గుండ్రంగా ఉంది, నాకు సగమే అర్థమవుతాది" అంది. ఇంట్లో తెలుగు రాసేది నేనొక్కదాన్నే ఇప్పుడు. చదివేందుకు నువ్వు ఉన్నావు గనక రాస్తున్నాను.

ఇక తుపాకి సంగతి.

మీ యజమాని పొలంలో అడవి టర్కీ కోళ్ళు మందలుగా దిగి బార్లీ మొలకలు తినేస్తున్నాయనీ, పశువుల నీళ్ళ తొట్లు పాడుచేస్తున్నాయనీ, వాటిని తగ్గించే పని నీకు అప్పగించాడనీ రాశావు. పరీక్ష రాసి లైసెన్సు తెచ్చుకున్నావు, సంతోషం. ఆ కోడి బొమ్మ మీ బావకి చూపిస్తే, "ఇక్కడోళ్ళు దీన్ని ఏనుగుకోడి అనడంలో తప్పు నేదే, మెడ సూడు!" అన్నాడు. కాని ఆ తర్వాత రాసిందంతా ఆయనకి చదివి వినిపించలేకపోయాను. తుపాకి ఎత్తితే నీ కళ్ళు వాటంతటవే మూసుకుపోతున్నాయనీ, పేలకముందే భుజం వెనక్కి గుంజుకుంటోందనీ, ఒక కోడి రెక్కకి తగిలి పరిగెత్తి కంచె కింద రెండు రోజులకి చచ్చి దొరికిందనీ, దాన్ని నువ్వే పాతిపెట్టావనీ రాశావు. నెలాఖరు శనివారం పట్నం వెళ్ళి దుకాణంలో అన్నిటికంటే పెద్ద తూటా కొంటానన్నావు. నీ మాటలే మళ్ళీ రాస్తున్నాను: "నాన్న తూటా ఎన్ని గ్రాములో నీ పుస్తకం చూసి చెప్పు అక్కా. నన్ను పడేసింది అదే కదా. దానికి రెట్టింపుది భుజం మీద పడితే గాని నాలో ఈ పిరికితనం చావదు. యాభై ఏళ్ళొచ్చాయి, ఇంకా పదమూడేళ్ళవాడిలాగే వణుకుతున్నాను."

ఈ వాక్యాలు నేను ఆరుసార్లు చదివాను.

ముందు నువ్వు అడిగిన లెక్కలు చెబుతాను. తూటాల కొలతలు నేను రాసుకున్న పుస్తకం పెట్టె అడుగునే ఉంది, అంచులు చెదలు తిన్నాయి గాని అంకెలు పోలేదు. నాన్నది పన్నెండో నంబరు ఒంటిగొట్టం తుపాకి, తేలికది. ఇత్తడి తూటాలు, పేల్చినవే మళ్ళీ నింపేవాళ్ళం. అడుగున నిప్పురవ్వ పుట్టించే కొత్త టోపీ బిగించి, కొలతగిన్నెతో ఒక గిన్నెడు తుపాకిమందు, ఒక అట్టబిళ్ళ, రెండు ఉన్నిబిళ్ళలు, రెండున్నర తులాల సీసపు గుళ్ళు, పైన ఒక పలచటి అట్ట, చుట్టూ మైనం. గుళ్ళు ఆరో నంబరువి. నంబరు పెరిగేకొద్దీ గుండు చిన్నదవుతుంది. రెండున్నర తులాలంటే ఇరవై తొమ్మిది గ్రాములు.

మీ దుకాణంలో ఉన్నవి నువ్వు రాశావు: పెంకులు ఎగరేసి కొట్టే ఆటకి ఇరవై నాలుగు గ్రాములవి, మామూలువి ముప్పై రెండు, పెద్దవి నలభై రెండు, అన్నిటికంటే పెద్దవి అరవై మూడు. అరవై మూడు నువ్వు ముట్టుకోవద్దు. నలభై రెండూ వద్దు. ముప్పై రెండు గ్రాములవి, అయిదో నంబరు గుళ్ళవి ఒక పెట్టె, ఆటవి రెండు పెట్టెలు కొను. ఆటవాటితో మొదలుపెట్టు. నీ ఉలికిపాటు చూసి యజమాని నవ్వాడని రాశావు, నవ్వనీ.

మంచి తూటా ఏదో బరువు చూసి చెప్పలేం. నాన్న ఎలా చూసేవాడో నీకు గుర్తుండే ఉంటుంది. పాత పేపరు చెక్కకి మేకులతో కొట్టి, నడుమ నీటికోడి తలంత సున్నా గీసి, ముప్పై అడుగులు వెనక్కి నడిచి కొట్టేవాడు. సున్నాలో చిల్లులు లెక్కపెట్టడం నా పని. రెండున్నర తులాలకి పద్నాలుగు చిల్లులు అని రాసి ఉంది. చలిజ్వరంతో వణుకుతూ కొట్టిన రోజు అదే తూటాకి మూడు. నువ్వూ అలాగే పేపరు కట్టు. కోడి ఒంటి మీద కొట్టొద్దు, తలా మెడా కలిసే చోటే నీ సున్నా. ఆ సున్నాలో పది చిల్లులు పడని దూరంలో కోడి కనిపిస్తే తుపాకి దించెయ్యి.

తుపాకి తన్ను తట్టుకోడానికి నాన్న చేసేవి ఇవి. ఎడమకాలు ముందుకి, ఒళ్ళు కూడా ముందుకి వాల్చాలి. తుపాకి మడమ భుజం గుంటలోకి గట్టిగా లాక్కోవాలి, ఖాళీ ఉంచితే ఆ ఖాళీలోనే దెబ్బ తయారవుతుంది. చెంప కర్రకి ఆనాలి. అమ్మ చొక్కా లోపల దూది మెత్త కుట్టి ఇచ్చేది, మీ దగ్గర రబ్బరువి దొరుకుతాయి. చెవులకి దూది తప్పదు, సగం భయం చప్పుడుదే. ఇంకొకటి, యజమానిని అడిగి నీకు తెలియకుండా ఒకసారి నిండు తూటా, ఒకసారి పేల్చిన ఖాళీది పెట్టి ఇమ్మను. ఖాళీది నొక్కినప్పుడు గొట్టం కిందికి ఊగితే ఎంత ఉలిక్కిపడుతున్నావో నీకే కనబడుతుంది. ఊగడం ఆగేదాకా అదే పని.

ఇవి నువ్వు అడిగినవాటికి జవాబులు. ఇక్కడితో ఆపి సంతకం పెట్టెయ్యొచ్చు. ఇన్నాళ్ళూ అలాగే పెట్టాను.

జెర్రీ, నిన్ను పడేసింది ఇరవై తొమ్మిది గ్రాముల తూటా కాదు.

ఆ వారం సంగతి నీకు తెలియదు, నువ్వు బడికి వెళ్ళేవాడివి. నాన్న తులాల రాళ్ళు, తాత శ్రీకాకుళం నుంచి తెచ్చిన చిన్న ఇత్తడివి, తాయారమ్మత్త చెవిపోగుల బంగారం తూచుకోవాలని పట్టుకెళ్ళింది. మనింట్లో రెండో జత అమ్మది, ఎండుమిరప తూచి అమ్మే బజారు రాళ్ళు, చాతాలవి. బర్మా వీశెలో నూరోవంతు చాతా. తులం కంటే అది ఇంచుమించు ఒకటిన్నర రెట్లు బరువు. ఆ తేడా నాకు బాగా తెలుసు. తగ్గించి ఎంత తూచాలో ఒక కాగితం మీద లెక్క కూడా వేసుకున్నాను. అప్పుడు అమ్మ పిలిచింది, మిరపకాయలు ఎండలోంచి తియ్యమని. తిరిగొచ్చి కూర్చున్నాక కాగితం వైపు చూడలేదు. రోజూ చేసే పనే కదా, చెయ్యి అలవాటుగా రెండున్నర పెట్టేసింది. తులాలు కావు, చాతాలు. నలభై ఒక్క గ్రాములు.

పన్నెండు తూటాలు అలా నింపాను. గుళ్ళు పట్టక పైకి తేలితే ఉన్నిబిళ్ళ ఒకటి తీసేసి అదిమాను. ఉన్నిబిళ్ళ తియ్యాల్సి వచ్చినప్పుడైనా ఆగాలి కదా. ఆగలేదు. పదహారేళ్ళదాన్ని, లెక్కలో తప్పు రాదని ఊరంతా అంటుంటే నేనూ నమ్మాను.

మర్నాడు పొద్దున్న నాన్న నిన్ను మొదటిసారి గట్టు మీదికి తీసుకెళ్ళాడు. వరి పాలు పోసుకునే రోజులు. నేను తూటాల సంచి పట్టుకుని వెనక నడిచాను, గోపాలం బాబాయి చుట్ట వెలిగించుకుని ముందు నడిచాడు. ఆ మాటల్లో ఒక్కటీ నేను మర్చిపోలేదు.

"బుజానికి బిగించి అట్టుకో. సెంప ఆన్చు. కళ్ళు ముయ్యకు," అన్నాడు నాన్న.

"గట్టిగా తంతాదా నాన్నా?" అన్నావు.

"మీ అక్క కట్టిన తూటారా అది. కొలత తప్పదు. దూడ తన్నినట్టుంటాది, అంతే."

నువ్వు నన్ను చూసి నవ్వావు. అంత నమ్మకంగా నువ్వు నవ్వడం నేను మళ్ళీ చూడలేదు.

పేలింది. నీటికోళ్ళన్నీ లేచి వెళ్ళిపోయాయి. నువ్వు గట్టు దిగువ బురదలో వెల్లకిలా పడి ఉన్నావు, కుడి భుజం ఎముక చర్మం కింద పొడుచుకొచ్చింది. గోపాలం బాబాయి ముందు నవ్వాడు. "ఓరి నాయనా, కోడి పడాలి గాని నువ్వు పడతావేటిరా!" తర్వాత నీ మొహం చూసి నవ్వు ఆపేశాడు. కాని ఆ నవ్వులోంచే నీకు పేరు పుట్టింది. పడ్డోడు.

ఆ రోజు సాయంత్రం నాటువైద్యుడు నీకు వెదురుబద్దలతో కట్టుకట్టి వెళ్ళాక, నేను వెనక పాకలో కూర్చుని మిగిలిన పదకొండు తూటాల్లో ఒకటి చేతిలోకి తీసుకున్నాను. బరువు చేతికే తెలిసింది. మైనం గీకి, గుళ్ళు పళ్ళెంలో పోసి తూచాను. పళ్ళెం ఎదురుగా ఉన్న రాళ్ళు చూశాను. నా లెక్క కాగితం ఆ రాళ్ళ కిందే మడిచి ఉంది.

నువ్వు ఇక్కడిదాకా చదివి, "పోన్లే అక్కా, చిన్నపిల్లవి, తప్పు జరిగింది, నోరు మెదపలేదు, అంతే కదా" అనుకుంటావని నాకు తెలుసు. నువ్వు అలాంటివాడివే. కాని అది అంతటితో అయిపోలేదు. చెప్పాల్సింది ఇంకా ఉంది. ఇవాళ రాయలేను, మీ బావ భోజనానికి వచ్చేశాడు.

శనివారం

బియ్యం జల్లించాను. ఇంకే పనీ సాగలేదు.

తూటా విప్పి చూసిన ఆ సాయంత్రమే నాన్న పాక దగ్గరికి వచ్చాడు. గుమ్మంలో నిలబడ్డాడు. పళ్ళెం నా చీర కొంగు కింద ఉంది. నువ్వు లోపల మూలుగుతున్నావు, తడిక గోడే కాబట్టి వినిపిస్తోంది.

"అమ్మీ, గోపాలం అంటన్నాడు, అంత తన్నకూడదని. తూటా సరిగ్గా కట్టినావా?"

"కట్టాను నాన్నా."

"తూసినావా?"

"తూచాను. రెండున్నరే."

"తూటా తప్పు కాదు కదా మరి?"

"కాదు నాన్నా."

ఆయన నా తల మీద చెయ్యి వేశాడు. వేసి, తిన్నగా లోపలికి వెళ్ళి నీతో అన్నది నీకు గుర్తుంది, నాకూ గుర్తుంది. "తుపాకి తప్పు నేదు. తూటా తప్పు నేదు. తప్పు నీ గుండెకాయలో ఉందిరా." ఎముక విరిగినవాడివి, నువ్వు ఏడవకుండా "అవును నాన్నా" అన్నావు. నేను తడికకి ఇవతల ఉన్నాను. నాలుగు అడుగుల దూరం. వెళ్ళలేదు. కూర్చుని పదకొండు తూటాలూ విప్పి, తగ్గించి, మళ్ళీ కట్టేశాను. పుస్తకంలో ఆ రోజు కింద "తూటాలు పన్నెండు, ఖర్చు ఒకటి, మిగులు పదకొండు" అని రాశాను. ఇప్పుడూ అలాగే ఉంది.

మరుసటి ఏడాది ప్రభుత్వం ఉత్తర్వు మీద తుపాకి స్టేషనులో అప్పజెప్పాల్సి వచ్చింది. నువ్వు మళ్ళీ కొట్టి చూపించే వీలు లేకుండా పోయింది. "ఈడు పొలానికి పనికిరాడు" అని నాన్న నిన్ను పద్నాలుగేళ్ళకే యాంగాన్ పంపి కిరాణా దుకాణంలో పెట్టించాడు. పొలం చివరికి పెదనాన్న కొడుకు రాజబాబు చేతికి పోయింది. సెలవలకి నువ్వు ఇంటికొస్తే గుడిమెట్ల దగ్గర కుర్రాళ్ళు "పడ్డోడొచ్చాడు" అనేవాళ్ళు. నువ్వు నవ్వేసేవాడివి. నేను ఆ పక్కనే పాటల పుస్తకాలు పంచుతూ ఉండేదాన్ని.

చెప్పడానికి నాకు దొరికిన సమయాలు నిన్న రాత్రంతా లెక్కపెట్టాను. నువ్వు దుకాణానికి బయలుదేరిన రోజు పడవ దగ్గర. నా పెళ్ళి నాడు. నీ పెళ్ళి నాడు, నాన్న నీకు దండ వేస్తూ మరదలి వాళ్ళతో "మావాడు మెత్తనోడు, సూసుకోండి" అన్నప్పుడు. ఆయన పోయే ముందు మంచంలో ఉన్న నలభై రోజులు, రోజూ నేనే గంజి తాగించాను, రోజూ ఆయన వచ్చినవాళ్ళకి "మా గ్రేసమ్మ సెయ్యి తప్పదు" అని చెప్పేవాడు. ఆ మాట వినాలని నాకు ఉండేది, జెర్రీ. దాచిపెట్టిందీ అందుకే. నాన్న కొడతాడని భయపడి కాదు, ఆయన నన్నెప్పుడూ కొట్టలేదు. ఆ ఇంట్లో నాకు ఉన్న మంచిపేరు అదొక్కటే. అది పోతే నేను మిరపకాయలు ఎండబెట్టే ఆడపిల్లని మాత్రమే. నా పేరు నిలబెట్టుకోవడానికి నీ పేరు ఇచ్చేశాను.

నలభై ఒక్క గ్రాములు, తేలిక తుపాకి, పదమూడేళ్ళ భుజం. కండలు తిరిగిన మనిషైనా తూలేవాడు. నీ ఒళ్ళు ఇప్పుడు గుంజుకుంటోందంటే, ఒకసారి నిజంగా విరిగింది కాబట్టి గుంజుకుంటోంది. దాన్ని పిరికితనం అనకు. ఇక నువ్వు కొనాలనుకున్న అరవై మూడు గ్రాములది, నిన్ను పడేసినదానికి ఒకటిన్నర రెట్లు. దాంతో నిన్ను నువ్వు శిక్షించుకోవద్దు. శిక్ష నీది కాదు.

11, సోమవారం

శనివారం రాసినదాన్ని మడిచి పెట్టాక ఇంట్లో కూర్చోలేకపోయాను. మీ బావకీ, కెరెన్‌కీ అన్నం తినేటప్పుడు చెప్పేశాను. కెరెన్, "మామయ్యకి తెలీదా అమ్మా? ఇప్పటిదాకా?" అని మాత్రం అడిగింది. అడిగి, కంచం తీసుకుని లేచిపోయింది. మీ బావ తల వంచుకుని, "ముందు అతనికి సెప్పాలి. తర్వాత నవ్వినోళ్ళకి సెప్పాలి," అన్నాడు.

నవ్వినవాళ్ళలో మొదటివాడు గోపాలం బాబాయి, ఆయన ఇంకా ఉన్నాడు. నిన్న ఆరాధన అయిపోయాక ఒక్కదాన్నే రేవు దాటి, బస్సెక్కి ట్వంటేలో ఆయన ఇంటికి వెళ్ళాను. ఆయనకి ఎనభై నాలుగు. కళ్ళు మసక, చెవులు మాత్రం గట్టివే. అరుగు మీద కూర్చుని ఉన్నాడు, కోడలూ మనవలూ చుట్టూ ఉన్నారు.

"ఎవులది? గ్రేసమ్మా? ఓలమ్మ, ఇన్నేళ్ళకి దారి తెలిసిందేటే! పడ్డోడు బాగున్నాడా?"

వచ్చిన పని ఆ మాటతోనే మొదలుపెట్టాల్సి వచ్చింది. నిలబడే చెప్పాను. రాళ్ళు మారడం, ఉన్నిబిళ్ళ తియ్యడం, పాకలో నాన్నకి అబద్ధం ఆడడం, అన్నీ. కోడలు చేతిలో చేట అలాగే ఆగిపోయింది. మనవలకి సగం అర్థమై ఒకరికొకరు బర్మాలో చెప్పుకుంటున్నారు. నా చెవులు మండిపోయాయి.

బాబాయి చుట్ట తీసి పక్కన పెట్టాడు. "మీ నాన్న బతికుండగా సెప్పవలసిన మాట. నాకెందుకు సెప్తన్నావిప్పుడు?"

"నువ్వు ఇంకా వాడిని పడ్డోడంటున్నావు గనక, బాబాయి."

కోడలు మంచినీళ్ళు తెచ్చి నా చేతికి ఇవ్వకుండా అరుగు మీద పెట్టింది. అది నాకు తగినదే అనుకున్నాను. తర్వాత ఆయనే అన్నాడు, "నేను గట్టు దిగి ఆడికాడికి ఎల్లినాను కదా ముందు. ఎముక ఇరిగి కూడా తుపాకి వదల్నేదు ఆ గుంటడు. గొట్టం మా వేపు తిరక్కుండా ఆకాశానికి ఎత్తి పట్టుకునున్నాడు, ఎడం సేత్తో. నేను ఊడబెరికినాను. మీ నాన్నకి సెప్దామనుకున్నాను. ఏటో, నవ్వులో పడి సెప్పనేదు."

నాకు ఆ సంగతి తెలియదు. నీకైనా తెలుసా? నువ్వు కూడా మర్చిపోయి ఉంటావు. అందుకే ఆయన మాటల్ని ఉన్నవి ఉన్నట్టు రాశాను.

నేను తిరిగి బయలుదేరుతుంటే ఆయన కర్ర పట్టుకుని పెరట్లోకి నడిచాడు. కోడలు "ఎక్కడికి మావా" అంటున్నా ఆగలేదు. తడుముకుంటూ బాతుల గూడు తెరిపించి, బలిసిన తెల్ల బాతుని పట్టించి, కాళ్ళు కట్టించి నా చేతుల్లో పెట్టించాడు.

"ఏటి బాబాయి ఇది?"

"మీ నాన్నా నేనూ పందెం కట్టినాం ఆ పొద్దు. పిల్లోడు కొడితే నాను బాతు ఇవ్వాలి, కొట్టకపోతే ఆయన ఇవ్వాలి. నువ్వెరగవు. ఆయన దగ్గర బాతు అట్టుకున్నాను, వండుకు తిన్నాను కూడాను. దొంగ తూటాతో గెల్సిన పందెం సెల్లదు. ఇది ఆడిది. పట్టుకెళ్ళు."

"వాడు న్యూజిలాండులో ఉన్నాడు బాబాయి."

"ఆడెక్కడుంటే నాకేటి? నాకు కావలసింది బాకీ తీరడం."

బస్సులో, రేవులో, మళ్ళీ బస్సులో బాతుని ఒళ్ళో పెట్టుకుని వచ్చాను. అది దారంతా అరుస్తూనే ఉంది, అందరూ నన్నే చూశారు. తల దించుకోవడం ఎలాగూ అలవాటయింది నిన్న. మీ బావ తలుపు తీసి, "బైబిలట్టుకుని ఎల్లి బాతట్టుకొచ్చినావేటే?" అన్నాడు. ఏడుపొచ్చింది నాకు. కెరెన్ లోపల్నుంచి వచ్చి, నా చేతుల్లోంచి బాతుని తీసుకుని కాళ్ళ కట్టు విప్పింది. శనివారం నుంచి కెరెన్ నా మీద చూపిన మొదటి దయ అదే.

నువ్వు నన్ను క్షమించు అని ఈ జాబులో రాయడం లేదు. అడిగితే నువ్వు వెంటనే ఇచ్చేస్తావు, నీ స్వభావం నాకు తెలుసు, అది నాకు సులువు అయిపోతుంది. కోపం వస్తే కోపంగానే రాయి. రాయకపోయినా సరే. పేపరు మీద ఎన్ని చిల్లులు పడ్డాయో అంకె ఒక్కటి పంపు చాలు. ఒకటి పడినా పంపు.

మరదలికి ఈ జాబు చదివి వినిపించు. పిల్లలకి కూడా. వాళ్ళ నాన్న ఎముక విరిగి కూడా తుపాకి గొట్టం మనుషుల వైపు తిరగనివ్వలేదని వాళ్ళకి తెలియాలి.

ఇట్లు,
నీ భుజం విరిగిన సాయంత్రం నాన్నకి అబద్ధం చెప్పిన
నీ అక్క
గ్రేసమ్మ

బాతు పెరట్లో ఉంది, నూకలు తింటోంది, కోయను. పుస్తకంలో నీ పేరున కొత్త పేజీ తెరిచి రాశాను: గోపాలం బాబాయి నుంచి జెర్రీకి రావలసిన బాతు ఒకటి, ముట్టింది. చెల్లు.